నాయనమ్మ చేటలోని మాటలు

తమ్ముడి ఇంట్లో ఇవాళ మా పాత చేట కనబడింది. మీకూ గుర్తుందా, మన నాయనమ్మలు బియ్యం ఏరుతూ మనతో ఎన్ని కబుర్లు చెప్పేవారో? "ఇదేంటే? వడ్లగింజ. ఏం చేద్దాం? కాకికి పెడదామా?" అంటూ మా నాయనమ్మ నాకు మాటలు నేర్పింది.

తమ్ముడు పుట్టేసరికి ఆవిడ లేదు. అమ్మ వాణ్ణి భీమవరంలో రొయ్యలు ఒలిచే షెడ్డుకు తీసుకెళ్లి, ఓ మూల పడుకోబెట్టి పని చేసుకునేది. అక్కడి మిషన్ల మోతలో వాడితో మాట్లాడేవాళ్లే లేరు. బడిలో నన్ను తెలివైనదన్నారు, వాణ్ణి మొద్దన్నారు. నేనూ నమ్మాను.

ఇవాళ వాడు తన నెలల పాపను నా ఒళ్లో పెట్టి, "దీంతో నువ్వే మాట్లాడక్కా. నా మాటలు వింటే నాలాగే అయిపోద్ది" అన్నాడు.

పాప మాత్రం వాడి గొంతు వినబడిన వైపే తల తిప్పింది.