మంత్రగత్తె పళ్ళు

ఫ్రెంచివాళ్ళ కాలంలో పుదుచ్చేరి వెళ్ళినప్పుడు కోసపాళయంలో ఒక తెలుగు అవ్వ ఇంట్లో దిగాను. ఆమెకు తెలుగు చదవడం రాదు. నా దగ్గరున్న మంత్రగత్తెల నవలను నాచేత చదివించుకుని వింది. పళ్ళన్నీ గట్టిగా ఉన్నా ఆమెకు 'స' పలకదు, 'హ' అంటుంది. అరవ యాస అనుకున్నాను.

కథ ముగిశాక ఎట్లా ఉందని అడిగాను.

"రాజులనీ, కోటలనీ కండ్లకు కట్టినాడు నాయనా. ఒక్క తావులో తప్పు రాహినాడు. ఊరోళ్ళు పట్టుకున్నాక కూడా ఆ ఆడమనిషి మంత్రం చదివిందంట!"

"చదవలేదా?"

"యాడ చదువుతాది? మంత్రం పలక్కుండా ముందు పళ్ళు రాలగొడతారు గదా. మా అమ్మను మంత్రగత్తె అని అట్నే చేహినారు."

నేను పుస్తకం మూసేశాను.

"నాకు తెలుగు నేర్పింది ఆ నోరే, నాయనా" అంది.