తాడు మీద అద్దాలక్క

గుర్రాల దగ్గర అందరూ ఆమెను అద్దాలక్క అనేవాళ్ళు. కళ్ళజోళ్ళ దుకాణంలో కళ్ళు పరీక్ష చేయడం ఆమె పని. వయసు నలభై ఆరు. రోజుకి పాతికమందిని చీకటిగదిలో ఎత్తు కుర్చీ మీద కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన చట్రం తగిలించి, గాజుబిళ్ళలు మారుస్తూ "ఇది బాగుందా? ఇదా?" అని అడుగుతుంది. చూపు సరిగ్గా ఉన్నవాళ్ళతో "మీకు అద్దాలు అక్కర్లేదండీ, వేళకి నిద్రపోండి చాలు" అని చెప్పి పంపేస్తుంది. బయట గల్లాపెట్టె దగ్గర యజమాని అది విని పళ్ళు నూరుకుంటాడు. పద్దెనిమిదేళ్ళుగా నూరుకుంటూనే ఉన్నాడు, పళ్ళు మాత్రం అరగలేదు.

అటువంటి మనిషికి ఒక ఆదివారం పొద్దున గుర్రపుస్వారీ నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. పుట్టడం కాదు, చిన్నప్పటినుంచీ ఉన్నదే. బస్సు కిటికీలోంచి ఒకసారి చూసిందట, ఎవరో ఆడమనిషి గుర్రం మీద నిటారుగా కూర్చుని, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేనట్టు రోడ్డు పక్కన వెళ్ళిపోతూ ఉండడం. పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం అన్నీ అయ్యాక, కూతురు వేరే ఊరి హాస్టల్లో చేరాక, ఆ బొమ్మ మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది.

"ఈ వయసులో గుర్రమెక్కి ఎవరి మీద దండెత్తుతావే తల్లీ?" అంది అత్తగారు.

"ముందు మీ అబ్బాయి మీద" అంది కోడలు. లిఫ్టులు బాగుచేసే ఆ అబ్బాయి పేపర్ చాటున నవ్వాడు. అక్కడితో అనుమతి అయిపోయింది.

నేర్పే ఆయన్ని అందరూ మాస్టారనేవాళ్ళు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎండకి నల్లబడి, మోకాళ్ళదాకా వచ్చే మాసిన బూట్లతో ఉంటాడు. ఉన్నమాట చెప్పాలి, నేర్పడంలో ఆయనకి సాటి లేదు. మొదటిరోజు అద్దాలక్క చుక్క అనే ఆడగుర్రం పక్కన నిలబడి గజగజ వణికింది. మాస్టారు ఎక్కమని తొందర పెట్టలేదు. "దాని మెడ మీద చెయ్యి వెయ్యండమ్మా. అది ఊపిరి తీసినప్పుడు మీరూ తియ్యండి" అన్నాడు. పావుగంట అలా ఊపిరి తీసుకుంటూ నిలబడ్డాక భయం ఎటుపోయిందో తెలియకుండా పోయింది. ఆ పావుగంట కోసం ఆమె ఆయనకి జన్మంతా రుణపడి ఉన్నాననుకుంది. చిక్కంతా అక్కడే మొదలైంది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళ గుర్రానికి ఒక పొడుగు తాడు కడతారు. ఇసుక పోసిన కంచెలో మాస్టారు మధ్యన నిలబడి ఆ తాడు కొస పట్టుకుంటాడు, గుర్రం ఆయన చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. మనిషి కుదురుకున్నదని నమ్మకం కలిగినరోజున తాడు విప్పేస్తాడు. అక్కడ పరీక్షలూ లేవు, సర్టిఫికెట్లూ లేవు. తాడు మీద ఉన్నారా, తాడు విప్పారా అన్నదొక్కటే లెక్క.

ఇంకొక పద్ధతి కూడా ఉంది. స్వారీ అయ్యాక గుర్రాన్ని అలాగే వదిలి వెళ్ళకూడదు. చెమట ఆరేదాకా, రొమ్ము చల్లబడేదాకా, పగ్గం పట్టుకుని మెల్లగా నడిపించాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, గుర్రం ఆరకుండా ఇంటికి కదలడానికి వీల్లేదు. ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాల్లోనే మాస్టారు పక్కన చేరేవాడు.

"అమ్మా, మీకు సాయంత్రానికి నీరసంగా ఉంటుందా?"

"పొద్దంతా నిలబడే పని కదండీ, ఉండదా మరి?"

"ఉండకూడదమ్మా!" అనేవాడు, ఏదో నేరం బయటపడినట్టు. సంచిలోంచి శక్తిపొడి డబ్బా తీసేవాడు. పొడి గురించి మూడు నిమిషాలు, మిగతా పదిహేడూ మెట్ల గురించి. ఆమె చేరి ఇంకో ఇద్దరిని చేర్పించాలి, ఆ ఇద్దరూ తలా ఇద్దరిని. ఎవరు కొన్నా పైవాళ్ళందరికీ వాటా. వెండి మెట్టు, బంగారు మెట్టు, ఆపైన వజ్రం. వజ్రం మీద కూర్చున్నవాళ్ళు ఇంక పనే చెయ్యనక్కర్లేదట. అరచేతిలో వైకుంఠం చూపించేవాడు.

అద్దాలక్కది మొహమాటం. "చూద్దాం లెండి" అనేది. "ఇంట్లో అడిగి చెప్తాను" అనేది. నిజానికి ఇంట్లో ఒక్క విషయం కూడా అడిగి చేసిన మనిషి కాదు. గుర్రం పొట్ట తడిమి ఇంకా ఆరలేదని తెలిసి లోలోపల ఏడ్చుకునేది. చుక్కకి కూడా ఈ ప్రసంగం అలవాటైపోయి, డబ్బా మూత చప్పుడు వినగానే చెవులు వెనక్కి వాల్చేది.

మూడో నెలలో ఆమె ఒక సంగతి గమనించింది. తనకన్నా ఆరు వారాలు వెనక చేరిన బ్యాంకు గుమాస్తాకి తాడు విప్పేశారు. అతను జీను మీద కుదురుగా కూర్చోలేడు, పగ్గాలు పట్టుకుని వేలాడతాడు. కానీ పొడి వ్యాపారంలో చేరాడు, బ్యాంకులో నలుగుర్ని చేర్పించాడు. తర్వాత పూలకొట్టు అక్కాచెల్లెళ్ళు చేరారు, పదిరోజుల్లో వాళ్ళకీ తాడు విప్పారు. కంచెలో తాడు మీద ఇంకా తిరుగుతున్నది ఇద్దరే, ఒకరు ఎనిమిదేళ్ళ పిల్ల, ఇంకొకరు అద్దాలక్క. ఆ పిల్ల ఒకరోజు జాలిగా "ఆంటీ, మీకు కూడా కాళ్ళు అందడం లేదా?" అని అడిగింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఈ సంగతి చెప్పింది.

"ఆ డబ్బా ఏదో ఒకటి కొని పడేస్తే పోలేదా? ఆయన గోలా వదులుతుంది, నీ తాడూ వదులుతుంది" అన్నాడు భర్త.

"కొంటే విప్పుతాడు, నాకు తెలుసు. కానీ నాకు స్వారీ వచ్చిందో రాలేదో ఎలా తెలుస్తుంది?"

"గుర్రం మీద ఉంటే వచ్చినట్టు, కింద ఉంటే రానట్టు" అంది అత్తగారు. ఆవిడకి ప్రపంచంలో ప్రతిదీ తేలికే.

కోడలు నవ్వలేదు. ఈ వయసులో ఒక్కటంటే ఒక్కటి తనకోసం మొదలుపెట్టింది. అది తనకి వచ్చిందని ఎవరైనా నిజంగా చెప్పాలి. ఆ చెప్పగలిగిన ఒక్క మనిషి సంచిలో డబ్బాలు పెట్టుకు తిరుగుతున్నాడు. ఇప్పుడాయన బాగుందన్నా నమ్మడానికి లేదు, బాగాలేదన్నా నమ్మడానికి లేదు. ఆ బాధ మాటల్లో పెట్టి ఎలా చెప్పాలో తెలియక కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

దీని వెనక ఇంకొకటి ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, యజమాని పోరు పడలేక, ఒక ముసలాయన చీటీ మీద అద్దాల నంబరు మారిందని రాసింది. మారలేదు. "ఈ బిళ్ళతో బాగుంది కదండీ?" అని తనే అందించింది, ఆయన "నువ్వు బాగుందంటే బాగుందమ్మా" అన్నాడు. కొత్త అద్దాలు పెట్టుకుని దండం పెట్టి మరీ వెళ్ళాడు. ఆ దండం ఇప్పటికీ ఆమెకు గుచ్చుకుంటూనే ఉంది. యజమాని పళ్ళు నూరడం మొదలైంది ఆ మర్నాటినుంచే.

తర్వాతి ఆదివారం, గుర్రం ఆరుతుండగా, మాస్టారు ఈసారి ఫారమే తీశాడు. పేరు కూడా ముందే నింపి తెచ్చాడు.

"మాస్టారూ, నేను చేరను" అంది.

"ఆలోచించుకోండమ్మా, తొందరేం లేదు."

"ఆలోచించాను. ఇవాళే కాదు, ఎప్పుడూ చేరను. పొడి కొనను, ఎవరినీ తీసుకురాను. మీరు నాకు స్వారీ నేర్పండి, అది చాలు."

అని, తన నోట అంతమాట ఎలా వచ్చిందా అని తనే బిత్తరపోయింది. మాస్టారు ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కోపం చెయ్యలేదు, మొహం మాత్రం చిన్నబోయింది. ఇంక ఒక రెండు వారాలు ఆమెతో మాటలు పొడిపొడిగా సాగాయి. తాడు పట్టుకునేవాడు, గుర్రాన్ని తిప్పేవాడు, గంట కాగానే "సరేనమ్మా" అనేవాడు. మానేద్దామా అని రెండుసార్లు అనుకుంది. మూడోసారి అనుకునేలోగా బ్యాంకు గుమాస్తా పడ్డాడు.

పెద్ద ఘోరమేమీ జరగలేదు. కంచె మీద ఆరేసిన గోనె గాలికి లేచింది, అతని గుర్రం పక్కకి ఒక్క గెంతు గెంతింది. కుదురుగా కూర్చున్న మనిషైతే కదిలేవాడు కాదు. ఇతను మూటలాగా ఇసుకలో పడి, మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. మాస్టారు పరుగున వెళ్ళి చెయ్యి చూశాడు. బెణికింది, విరగలేదు.

గుమాస్తా నొప్పికన్నా ఆశ్చర్యంతో ఉన్నాడు. "అదేంటి మాస్టారూ, నేను చాలా బాగా చేస్తున్నానన్నారు కదా? మొన్నే కదా అన్నారు?"

అతను నిష్ఠూరంగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. మాస్టారు జేబురుమాలు తీసి అతని మణికట్టుకి చుట్టాడు. పూలకొట్టు చెల్లెలు అక్క వైపు చూసింది, అక్క మెల్లిగా గుర్రం దిగిపోయింది. గుమాస్తాని ఆటోలో ఎక్కించి పంపారు.

గుర్రాలు మాత్రం ఆరాలి కదా. అద్దాలక్క చుక్కని నడిపిస్తుంటే మాస్టారు రెండో గుర్రాన్ని పట్టుకుని పక్కనే నడిచాడు. సంచి షెడ్డులోనే ఉండిపోయింది. మూడో చుట్టులో ఆమె, ఎన్నడూ ఎవరికీ చెప్పని ఆ ముసలాయన సంగతి చెప్పింది. చీటీ, బిళ్ళ, దండం, అన్నీ. ఎందుకు చెప్పిందంటే ఏమో, పక్కన నడుస్తున్న మనిషి మొహం చూస్తే తన పాత మొహమే గుర్తొచ్చింది.

మాస్టారు పక్కనున్న గుర్రం మెడ మీది చెమట అరచేత్తో తుడిచాడు.

"గుర్రాల దాణా ధర పెరిగిందమ్మా. నేర్చుకునేవాళ్ళు తగ్గారు. మా బావమరిది తెచ్చాడు ఈ పొడి. మొదట చేరినవాళ్ళు మనవాళ్ళు కదా అని కాస్త మెచ్చుకున్నాను. తర్వాత మెచ్చుకోకపోతే మానేస్తారేమోనని మెచ్చుకున్నాను. పదకొండుమంది. మోకాలు సరిగ్గా పెట్టమని ఒక్కళ్ళకి కూడా చెప్పలేకపోయాను."

"నన్ను తాడు మీద ఉంచింది చేరలేదనేనా?"

అవునంటే ఇన్ని నెలలూ వృథా, కాదంటే నమ్మాలో వద్దో తెలియదు.

"సగం అందుకే" అన్నాడు. "చెప్పడానికి సిగ్గుగా ఉంది. మిగతా సగం మీ కుడి మోకాలు."

"మోకాలా?"

"గుర్రం వేగం పెంచగానే బిగించేస్తారు. పాదం రికాబులోంచి జారుతుంది. గోనె లేచినప్పుడు ఆ గుర్రం మీద మీరున్నా పడేవాళ్ళే."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"గట్టిగా తిడితే రెండు నెలలు."

"తిట్టండి" అంది. అనేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నీకింకా రాలేదు పో అన్న మాటకి ఇంత సంతోషం ఎవరికైనా కలుగుతుందా? ఆమెకు కలిగింది.

మరుసటి వారం మాస్టారు అందరికీ మళ్ళీ తాడు కట్టాడు. వెండి మెట్టువాళ్ళకి పౌరుషం పొడుచుకొచ్చింది. డబ్బు కట్టి మరీ వెనక్కి రావడమేమిటని ఆరుగురు మానేశారు, పోతూ పోతూ పొడి కూడా మానేశారు. మాస్టారి మెట్లన్నీ కూలాయి. బావమరిది వచ్చి షెడ్డు ముందు నిలబడి నానా మాటలూ అని వెళ్ళాడు. మాస్టారు మారుమాట్లాడకుండా గుర్రాలకి గిట్టలు శుభ్రం చేస్తూ కూర్చున్నాడు. గుమాస్తా మాత్రం కట్టు విప్పగానే వచ్చి, "నాకు కూడా తాడు కట్టండి" అని తనంతట తనే అడిగాడు. రెండు ఆదివారాలు రాకుండా ఆగిన పూలకొట్టు అక్క కూడా చివరికి తిరిగి వచ్చింది, చెల్లెలు రాలేదు.

ఆ రెండు నెలలూ అద్దాలక్క తిన్న తిట్లు అత్తగారి దగ్గర ఇరవైరెండేళ్ళలో తినలేదు. "మోకాలమ్మా! అది మోకాలా, గొళ్ళెమా?" అని ఇసుక అవతలినుంచి అరిచేవాడు. సోమవారం దుకాణంలో కుంటుకుంటూ తిరిగేది. యజమాని జాలిపడి స్టూలు తెచ్చిపెట్టాడు. రెండు నెలలన్నది మూడు నెలలైంది.

ఆ ఆదివారం మాస్టారు ముందుగా ఏమీ చెప్పలేదు. చుక్కకి కట్టిన తాడు విప్పి, చుట్టచుట్టి భుజాన వేసుకుని, మధ్యలోంచి నడిచి కంచె అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. ఇసుకలో ఆమె, గుర్రం మిగిలారు. మొదటి చుట్టు నడక. రెండో చుట్టు మడమ తగిలిస్తే చుక్క పరుగందుకుంది. మలుపు దగ్గర ఆమె ఒక పక్కకి ఒరిగింది. మాస్టారి చెయ్యి పైకి లేచి ఆగిపోయింది. ఆమె సర్దుకుంది. ఏడు చుట్లు తిరిగింది. దిగి చుక్క మెడ తట్టింది.

"ఎలా ఉంది మాస్టారూ?"

ఆయన గడ్డం గోక్కుని ఆలోచించాడు.

"కొంచెం నయం" అన్నాడు.

ఆమె ఇంటికి వెళ్ళే దారంతా ఆ రెండు మాటలనీ నోట్లో తిప్పుకుంటూనే ఉంది. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళి, కూర తరుగుతున్న భర్తతో, పక్కనే పీట మీద కూర్చున్న అత్తగారితో చెప్పింది, "కొంచెం నయమన్నారు!"

"అంతేనా?" అంది అత్తగారు.

భర్త మాత్రం కత్తి కింద పెట్టి, భార్య మొహంలోకి చూసి, లేచి నిలబడి చేతులు తుడుచుకున్నాడు. "అమ్మా, నీకు తెలియదులే" అన్నాడు. "ఆయన నిజం చెప్పాడు."