నాకు విచారణ వద్దు సారూ

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను కల్వకుర్తి కోర్టులో ఒక సీనియర్ వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. అప్పుడు చూసిన ఒక మనిషి ఇప్పటికీ నా కళ్లముందు నుంచి పోలేదు.

ఆమె దగ్గరి పల్లెలో బట్టలు కుట్టే ముస్లిం ఆవిడ. భర్త లేడు. మిషన్ తొక్కి తొక్కి ఒక ట్రాలీ ఆటో కొని కొడుకు చేతికిచ్చింది. వాడు సావాసగాళ్లతో కలిసి, పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్లు పగలగొట్టి తీసిన రాగితీగను అందులో తరలించాడు. నేరం రుజువై వాడికి శిక్ష పడింది. ఇక ఆటోను సర్కారు జప్తు చేసుకోవాలా, తల్లికి తిరిగి ఇవ్వాలా అన్నది తేలాలి. బండి ఆమె పేరు మీదే ఉంది. కొడుకు పని తనకు తెలియదని సాక్షులతో చెప్పించుకునే హక్కు ఆమెకుంది. చెప్పడానికి ఊరి రైతులు ముగ్గురు వచ్చి వరండాలో కూర్చున్నారు కూడా. గెలుస్తామని మా సీనియర్‌కు ధీమా.

పేరు పిలవగానే, మేము నోరు తెరవకముందే ఆమె అంది.

“నాకు విచారణ వద్దు సారూ. బండి సంగతి మీరే తేల్చుండ్రి.”

జడ్జిగారు కలం కింద పెట్టారు. “విచారణ వద్దంటే బండి పోవచ్చమ్మా. తెలుసా?”

“ఎరుకే సారూ.”

“ఎవరన్నా బెదిరించారా?”

“లేదు.”

“మీ వకీలు ఏమన్నారు?”

“ఆయనకు ఎరుకే లేదు. నా అంతట నేనే చెప్తున్న.”

ఆయన వెంటనే రాసుకోలేదు. “అన్నం తిని, మళ్లీ ఆలోచించుకుని రండి” అన్నారు.

వరండాలో ఆమె పక్కన కూర్చున్నాను. “ఎందుకమ్మా గిట్ల? వాళ్లు నీ కోసమే గదా వచ్చిండ్రు.”

“కరెంటు లేక ఎండింది వాళ్ల వరే బిడ్డా. పొట్టకొచ్చిన వరి. గసుంటోళ్లనే బోనెక్కించి నా బండి నాకిప్పియ్యమనాల్నా? అడిగితే కాదనరు. గందుకే అడగొద్దు.”

ముగ్గురిలో పెద్దాయన విన్నాడు. “మా ఫికర్ జెయ్యకు చెల్లె, మేం చెప్తం.”

“చెప్తవని ఎరుకే అన్నా” అంటూ ఆమె సద్ది విప్పి జొన్నరొట్టె అతని చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం జడ్జిగారు అవే ప్రశ్నలు మళ్లీ అడిగారు. అవే జవాబులు. రాసింది తెలుగులో చదివి వినిపించాక ఆమె సంతకం చేసింది. బండి జప్తయింది. హక్కును ఎలా నిలబెట్టుకోవాలో కాలేజీలో చదువుకున్నాను. ఎవరూ తోయకుండా, పోయేదేమిటో పూర్తిగా తెలిసి, దాన్ని వదిలేసే మనిషిని చూడడం అదే మొదటిసారి.

ఆటో వేలంలో వేరే ఊరికి పోయింది. కొడుకు శిక్ష తీరి వచ్చి, ఆ రైతుల పొలాల్లోనే కూలికి పోతున్నాడని తర్వాత తెలిసింది. నా కొత్త నల్లకోటు కుట్టించుకోవడానికి ఆమె దగ్గరికే వెళ్లాను.

“చేతులు లేపు బిడ్డా, కొలత తీస్త” అంది.

లేపాను.