మలుపు దగ్గర నేను చెప్పిన అబద్ధం

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోస్తున్నాను. దాన్ని మోస్తూనే ఉద్యోగం చేశాను, విజయవాడ పటమటలో ఇల్లు కట్టుకున్నాను, కూతురి పెళ్లి చేశాను. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా అక్కయ్యను కంకిపాడు ఇచ్చారు. బావ మంచి మనిషే, కాకపోతే నోటి దురుసు. ఒక చలికాలం మా రెండు కుటుంబాలం కలిసి మన్యం కొండల్లోని రిజర్వ్ ఫారెస్టుకు వెళ్లాం. దగ్గర్లో ఊళ్లు లేవు. ఫోన్లు పనిచెయ్యవు. ఘాట్ రోడ్డు మీద కారు వెనక్కి తియ్యలేక నేను తడబడ్డాను. బావ నన్ను దింపి స్టీరింగ్ తను తీసుకున్నాడు. ఇంత చదివీ బండి వెనక్కి తియ్యడం రాదని నవ్వాడు. అందరూ నవ్వారు. నా కూతురు కూడా నవ్వింది. అదే గుచ్చుకుంది.

మర్నాడు సాయంత్రం బావా, నేనూ, అటవీశాఖ వాచరూ కొండ మీద నుంచి నడిచి దిగుతున్నాం. బావ ఫొటోల కోసం వెనక ఆగాడు. ఎంతకీ రాలేదు. నన్ను మలుపు దగ్గర నిలబెట్టి వాచర్ వెనక్కి ఎక్కాడు. పొద్దు వాలుతోంది. చెట్ల కింద అప్పటికే చీకటి. పక్షుల అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. అప్పుడు ఎడమపక్క లోయలోంచి వినపడింది. నా పేరే. రెండోసారి ఇంకా సన్నగా.

నేను పలకలేదు.

ఎందుకు? భయమా? భయమే అయితే ఇన్నేళ్లు దాచేవాణ్ణి కాదేమో. కాసేపు అరవనీ, ఒక్కసారి తనూ చేతకానివాడిలా నిలబడనీ అనుకున్నాను. కాలు విరిగి పడి ఉన్నాడని నాకు తెలియదు కదా అని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. కానీ ఆ గొంతులో నొప్పి నాకు వినపడలేదా?

వాచర్ తిరిగొచ్చాడు. "పైన లేరండీ. ఇటేమన్నా వినపడిందా?"

"లేదండీ. నెమలి అరిచింది, అంతే."

ఆయన నన్ను ఒక్క క్షణం చూశాడు. తర్వాత కుడివైపు వాలులోకి దిగాడు. వాకీటాకీలో మనుషుల్ని పిలిపించి రాత్రంతా అటే వెతికించాడు. నిజం చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి, బసలో ఏడుస్తున్న అక్కయ్య పక్కన కూర్చుని ధైర్యం చెప్పాను.

తెల్లారాక ఎడమ లోయలోనే దొరికాడు. రాత్రే తెచ్చి ఉంటే కాలు దక్కేదని విజయవాడ డాక్టర్లు అన్నారు. మోకాలి పైకి తీసేశారు.

తన కోసం నేను అడవంతా తిరిగానని బావ కంకిపాడులో అందరికీ చెబుతుంటాడు. మొన్న వెళ్లాను. అక్కయ్య కాఫీ తేవడానికి లోపలికి వెళ్లాక, తల తిప్పకుండా మెల్లగా అన్నాడు.

"ఆ రోజు పైన నీ తెల్ల చొక్కా కనపడిందిరా నాకు."

ఎప్పటినుంచి తెలుసు? తెలిసీ నన్ను ఎందుకు మెచ్చుకుంటున్నాడు? కాఫీ తాగి వచ్చేశాను. ఆ రోజు నుంచి ఫోన్ మోగితే ఎవరిదో చూసుకున్నాకే ఎత్తుతున్నాను.

విన్నాను బావా. రెండుసార్లూ విన్నాను. ఈ మాట నీ ముందు ఇంకా అనలేను. ఇక్కడ మాత్రం రాశాను. ఏమీ మారలేదు. కానీ చాలాకాలానికి నిండుగా ఊపిరి పీల్చుకున్నాను.