మోకాలిలో మిగిలిపోయిన స్క్రూ

గుర్రపు పిల్లల వంకర కాళ్లను సరిచేసే ఆ డాక్టరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. నిజమే. ఆ కోపానికి కారణమేమిటో మాత్రం ఎవరూ అడగరు.

ఆమె అక్క భర్త గుర్రాలు పెంచి అమ్ముతాడు. పుట్టుకతోనే ముందుకాలి మోకాలు లోపలికి వంగిన గుర్రపు పిల్లను ఒకసారి ఆమె దగ్గరకు తెచ్చాడు. ఆమె మోకాలికి కాస్త పైన, ఎముక ఎదిగే చోట, లోపలివైపు స్క్రూ బిగించింది. ఆ వైపు ఎదుగుదల నెమ్మదిస్తే రెండో వైపు పెరిగి అందుకుంటుంది, కాలు తిన్నబడుతుంది. అప్పుడు వెంటనే స్క్రూ తీసేయాలి. లేకుంటే కాలు ఎదురు దిక్కుకు వంగుతుంది.

“కాలు తిన్నగా కనిపించగానే తీసుకురా బావా. చూసి మురిసిపోతూ కూర్చోకు.”

“నీ అరుపులకు భయపడే తిన్నబడుతుందిలే మరదలా!”

కాలు తిన్నబడింది. బావ రాలేదు. ఆమె ఫోన్ చేస్తే, “కొనేవాళ్లు చూడ్డానికి వస్తున్నారమ్మా. ఇప్పుడు బొచ్చు గొరిగి కోస్తే మచ్చ కనపడదూ?” అన్నాడు. ఆమె ఎంత అరిచినా వినలేదు. మచ్చ చూసి కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారన్నది అబద్ధం కాదు. బంధువని నమ్మి పిల్లను ఇంటికి పంపడం ఆమె పొరపాటే. అయినా ఆమె తప్పూ అతని తప్పూ ఒకే తూకానివి కావు.

కొనేవాళ్లు వచ్చేసరికి మోకాలు బయటికి వంగింది. చూసి వెళ్లిపోయారు. అప్పుడు పిల్లను మళ్లీ తోలుకొచ్చాడు.

“నీ స్క్రూయే కొంప ముంచింది.”

“స్క్రూ తన పని తను చేసింది బావా. చేయనిది నువ్వు!”

“సొంత మనిషిని ఇంతలా తిడతావా?”

“పరాయివాడైతే ఆ రోజే పిల్లను ఇంటికి పంపేదాన్ని కాదు. తాడు ఇలా ఇచ్చి బయటికి నడు!”

ఎక్స్‌రేలో ఎముక ఎదిగే చోటి గీత ఇంకా మూసుకుపోలేదు, కానీ సన్నబడింది; ఎముక ఎదిగేది ఇక కొద్ది రోజులే. పాత స్క్రూ తీసి, బయటివైపు కొత్తది బిగించింది. ఈసారి పిల్లను తన షెడ్డులోనే కట్టేసుకుంది. బావ ఎంత బతిమాలినా తాడు వదల్లేదు.

కాలు చాలావరకు తిన్నబడింది. పూర్తిగా తిన్నబడేలోగా ఎముక ఎదుగుదల ముగిసింది. ఆమె రెండో స్క్రూ కూడా తీసేసి పిల్లను అప్పగించింది.

“ఆ కాస్త వంకర ఎవరికి కనపడుతుందిలే!” అన్నాడు బావ.

“నాకు కనపడుతుంది. పరుగెత్తినప్పుడల్లా దానికి తెలుస్తుంది. కొనేవాళ్లకు నువ్వే చెప్పు. లేదా నేనొచ్చి చెబుతాను.”