ఒసాకాలో మాట్లాడింది అక్క కాదు

ఈ బరువు నాతోపాటు విమానాలెక్కింది, దేశాలు తిరిగింది, మళ్ళీ నాతోనే ఎల్బీనగర్ ఇంటికి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా ఇదే వరస. ఎవరికీ చెప్పలేదు. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పే ధైర్యం వచ్చింది.

మాది పోచంపల్లి నేతవాళ్ళ కుటుంబం. మగ్గం మామయ్యతోనే ఆగిపోయింది. ఆ తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టారు. దుకాణం మా ఆయన, బావ చూసుకుంటారు. ఇక్కత్ స్కార్ఫులు బయటి దేశాలకు పంపే పని మాత్రం మొదటి నుంచీ మా ఇద్దరు తోటికోడళ్ళదే. రంగులు ఎంచేది అక్క, అంటే బావ భార్య. ఇంగ్లీషు మాట్లాడేది నేను.

స్కార్ఫులు తెచ్చి చూపించమని జపాన్ నుంచి పిలుపు వచ్చినప్పుడు మామయ్య వారం రోజులు ఔననలేదు, కాదనలేదు. ఆడవాళ్ళిద్దరే అంత దూరం పోవడమా అన్నది ఆయన బాధ. చివరికి ఒప్పుకున్నారు. అక్క సంతోషం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. అప్పటిదాకా ఆమె విమానాన్ని, స్కార్ఫులు దాచే మా మీర్‌పేట్ గోదాము డాబా మీద నుంచి చూడటమే. జపాన్‌లో చెప్పులు బయట విడవాలని ఎవరో చెబితే, చిరుగులేని కొత్త సాక్సులు నాకూ తనకూ కొనుక్కొచ్చింది. అద్దం ముందు నిలబడి నడుము వంచి నమస్కారం చేయడం నేర్చుకుంది. నేను మాత్రం విదేశీ మర్యాదలు నేర్పే క్లాసుకు వెళ్ళొచ్చి ఆమెకు పాఠాలు చెప్పాను. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలక్కా అంటే, "మనం తాంబూలం గట్లనే ఇస్తం గదనే" అని నవ్వింది.

ఒసాకాలో ఒక చిన్న ఆఫీసు. తెల్లజుట్టు పెద్దావిడ, ఆమె పక్కన తర్జుమా చేసే అమ్మాయి, ఎదురుగా మేమిద్దరం. కార్డులు, నమస్కారాలు అన్నీ సరిగ్గానే జరిగాయి. నేను ధర చెప్పాను. పెద్దావిడ స్కార్ఫు చేతిలోకి తీసుకుని, చూస్తూ, మౌనంగా కూర్చుంది.

మౌనం. అదే నన్ను ముంచింది. మా దుకాణంలో పరుపు మీద కూర్చున్న గిరాకి మాట ఆపిందంటే, చెప్పుల కోసం చూస్తోందని అర్థం. ఆ మౌనాన్ని నిలవనివ్వకూడదు. ఇంకో చీర విప్పాలి, ఇంకో మాట చెప్పాలి, ఆఖరికి "మీ కోసం" అని ధర దించాలి. కోడలిగా వచ్చిన కొత్తలోనే మామయ్య నాకు నేర్పిన విద్య అది. ఆ విద్యనంతా ఆ గదిలో ఒలకబోశాను. ఇంకో స్కార్ఫు విప్పాను. రంగు పోదన్నాను. ఆమె ఇంకా మాట్లాడలేదు. ధర తగ్గించాను. బల్ల కింద అక్క నా మోకాలు గట్టిగా నొక్కింది. ఆ చేతిని తీసేశాను. ఇంకా తగ్గించాను. పెద్దావిడ స్కార్ఫును మేం తెచ్చినదానికంటే పొందికగా మడిచి నా ముందు పెట్టి, ఆలోచించి చెబుతామని లేచింది.

తర్వాత ఆ అమ్మాయే బయటిదాకా వచ్చి చెప్పింది. ఆవిడకు రంగులు చాలా నచ్చాయట. ఒప్పుకుందామనే చూస్తూ కూర్చున్నారట. అడగకుండానే ధర రెండుసార్లు దిగేసరికి, మొదట చెప్పింది అబద్ధమేమో, బట్టలో ఏదో లోపం ఉందేమో అనిపించిందట.

ఇంతవరకూ తెలియక చేసిన తప్పు. తెలిసి చేసింది ఇంటికి వచ్చాక.

సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి. మామయ్య కుర్చీలో కూర్చుని ఏమైందని అడిగారు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "అక్క మధ్యల మాట్లాడింది మామయ్యా. వాళ్ళకు అది నచ్చలే."

ముందే అనుకున్నానా? లేదు. మరి అంత తేలిగ్గా ఎట్లా వచ్చింది? ఎందుకంటే అందరూ నమ్ముతారని నాకు తెలుసు. మా ఇంట్లో వాగుడుకాయ అక్కే. కొత్తిమీర కొనడానికి వెళ్ళి, అమ్మేవాళ్ళ ఇంటి సంగతులన్నీ తెలుసుకుని వచ్చే మనిషి. ఆ ఒక్క గదిలో మాత్రం ఆమె పెదవి విప్పలేదు. ఆ సంగతి ఆ హాల్లో మా ఇద్దరికే తెలుసు.

అక్క నావైపు చూసింది. వంటింట్లోకి వెళ్ళి చాయ్ పెట్టింది. "పెద్దకోడలు ఇంకెందుకు తియ్యి, ఈసారి చిన్నదే పోతది," అన్నారు మామయ్య. అంతే, తీర్పు అయిపోయింది.

మర్నాడు పొద్దున అక్క డాబా మీద బట్టలు ఆరేస్తుంటే వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను.

"నిన్న ఎందుకు ఊకున్నవ్ అక్కా?"

"నిజం చెప్తే ఏమైతుండె? ఇంగ్లీషు వచ్చినదే చెడగొట్టిందని మామ ఇద్దర్నీ బంద్ వెడుతుండె. ఒక్కరన్న పోవాలె గద చెల్లె."

"నాతోని తప్పైంది అక్కా."

"అయింది. జర సిగ్గు కూడ వడు, మంచిదే." దులిపిన చీర ఒక కొస నా చేతికిచ్చింది. "మల్ల పోయినప్పుడు ధర చెప్పినంక సప్పుడు చెయ్యకు. కొనేటోళ్ళ మొఖం చూస్తే నీ నోరు ఆగదు. బట్టనే చూడు. గప్పటికీ ఆగకపోతే పండ్ల నడుమ నాలిక వెట్టుకో."

మరుసటి ఏడాది ఇంకో ఊళ్ళో, ఇంకో కొనుగోలుదారు ముందు, నిజంగానే పళ్ళ మధ్య నాలుక పెట్టుకుని కూర్చున్నాను. స్కార్ఫు అంచు తప్ప ఇంకేమీ చూడలేదు. ఎంతసేపటికో ఆయన తల ఊపాడు. ఈరోజు మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే, మీర్‌పేట్ గోదాములో పనిచేసే ఆడవాళ్ళకు పని దొరుకుతోందంటే, ఆ డాబా మీది మాటలే కారణం. నాకు చదువు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంత రుణపడింది మాత్రం ఆమెకే. ఆమెను తలుచుకుంటే ముందు కడుపు నిండుతుంది, తర్వాతే సిగ్గు ముంచుకొస్తుంది.

కానీ నేను అక్కడితో ఆగలేదు. పేరు వచ్చాక, బయటి దేశాల్లో వ్యాపారం చేసే ఆడవాళ్ళకు మర్యాదలు నేర్పమని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌వాళ్ళు పిలిచారు. జపాన్‌వాళ్ళ మౌనం గురించి చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ, "మా ఇంట్లోనే ఒకావిడ ఉంది" అని మొదలుపెట్టేదాన్ని. ఆవిడ మోకాలు నొక్కింది నేనట! ఆగకుండా వాగింది ఆవిడట! క్లాసంతా నవ్వేది. చెప్పేకొద్దీ కథ నునుపెక్కింది. కొన్నాళ్ళకు నేనే సగం నమ్మాను.

ఒకరోజు అక్క బజారు పని చూసుకుని, ఇద్దరం కలిసి ఇంటికి పోదామని క్లాసుకు వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. నేను చూసుకోలేదు. కథ అయిపోయాక చూశాను. అందరితోపాటు ఆమె కూడా నవ్వుతోంది. మెట్రోలో ఎల్బీనగర్ దాకా నీలిరంగు నూలు గురించే మాట్లాడింది. ఆ నవ్వు నిజమైనదేనా? నన్ను కాపాడటానికి మళ్ళీ ఒకసారి నవ్విందా? అడగలేదు. అడిగితే చెబుతుందన్నదే నా భయం.

మామయ్య పోయి చాలా కాలమైంది. ఇప్పుడు నిజం చెబితే ఎవరూ ఎవరినీ ఆపరు. అయినా చెప్పలేదంటే, కాపాడుకుంటున్నది వ్యాపారాన్ని కాదు, నా పేరును. బావకు చెప్పాలి. క్లాసులో చెప్పాలి. ఇంకా చెప్పలేదు. ముందు మీకు చెబుతున్నాను. ఒసాకాలో మాట్లాడింది అక్క కాదు, నేను. రాసి చూసుకుంటే చిన్న వాక్యమే. రాశాక ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది. ఇది క్షమాపణ కాదని తెలుసు. అది ఇవ్వాల్సింది మీరు కాదు.

మీరొకటి అడుగుతారు, నాకు తెలుసు. మరి మీ అక్క మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళిందా అని. లేదు. ప్రతిసారీ ఆమె నా పెట్టె సర్దింది, నేను వెళ్ళాను.