కుళాయి కింద నా కాలు

పెళ్ళయిన కొత్తలో, తొంభైల మధ్యలో, విశాఖపట్నంలో ఒక సందులో అద్దెకుండేవాళ్ళం. మా వారిది స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. గోదావరి పక్క ఊరి నుంచి వచ్చిన నాకు నీళ్ళ కోసం వంతులో నిలబడడం అక్కడే అలవాటైంది. సందుకంతటికీ ఒకటే కుళాయి. పొద్దున్న కాసేపే వచ్చేది.

ఒక వేసవి ఉదయం, నీళ్ళు వచ్చేలోగా బాత్రూం కడిగేద్దామని యాసిడ్ సీసా తీశాను. మూత బిగుసుకుపోయింది. పళ్ళు బిగించి తిప్పేసరికి మూత ఊడి, సీసా జారి, యాసిడ్ కుడి పాదం మీద ఒలికింది. ముందు చల్లగా అనిపించింది, మరుక్షణం నిప్పు. నైట్ డ్యూటీ చేసి వచ్చి నిద్రపోతున్న మా వారు నా కేక విని పరుగెత్తుకొచ్చారు. ఉన్న అరబకెట్ నీళ్ళూ కాలిమీద కుమ్మరించి, నన్నెత్తుకుని లుంగీతోనే వీధిలోకి వెళ్ళారు. కుళాయి అప్పుడే వచ్చింది. దాని కింద ఇంటి ఓనరమ్మ బిందె ఉంది. దాన్ని పక్కకి జరిపి నా కాలు పెట్టారు.

వంతు దాటడం ఆ సందులో ఎవరూ చేయని పని.

"ఏటి బాబూ, ఏటి సేత్తన్నావ్?" అంది ఓనరమ్మ.

"యాసిడ్ పడిందండి. ఇరవై నిమిషాలైనా ధారగా నీళ్ళు పడాలి. ప్లాంటులో మాకు ట్రైనింగ్ ఇచ్చారు."

"ఇరవై నిమిసాలా! ఆ తర్వాత నీళ్ళేటుంటాయి, గాలొస్తాది!"

వరసలో సగంమంది నా కాలిని చూసి అయ్యో అన్నారు, సగంమంది బిందెల్ని చూసుకుని అయ్యో అన్నారు. చివరికి నా కాలిని మా ఇంటి బిందె కింద జమకట్టారు. మాకు ఆ రోజుకి మరి నీళ్ళు లేవు. మా వారు ఒప్పుకున్నారు.

ఇక వైద్యం మొదలైంది. ఒకామె టూత్‌పేస్టు తెచ్చింది, ఒకామె పసుపు. మరొకామె వంటసోడా తెచ్చి యాసిడ్‌కి ఇదే విరుగుడంది. మా వారు కబడ్డీ ఆటగాడిలా రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డారు. "ఏమీ రాయొద్దండి! సోడా పడితే యాసిడ్‌తో కలిసి ఇంకా వేడి పుడుతుంది. నీళ్ళే, ఉట్టి నీళ్ళే." తర్వాత నావైపు తిరిగి, "మెట్టెలు తియ్యి. వాటి కింద యాసిడ్ ఉండిపోతుంది" అన్నారు.

బిందెలు పట్టుకున్నవాళ్ళంతా ముందుకి జరిగారు.

"ఏటా మాట? నువ్వు ఎదరే నిలబడుండగా మెట్టెలు తీసెయ్యాలా?" అంది ఓనరమ్మ.

"నిలబడున్నాను కాబట్టే తియ్యమంటున్నానండి!"

చాలాసేపు వాదించి, మొగుడే తీస్తే దోసం లేదని ఆవిడే తేల్చింది. ఆయన వీధిలో గొంతుక్కూర్చుని మెట్టెలు లాగుతుంటే నొప్పికి నేను బావురుమన్నాను. అప్పుడే సందులోకొచ్చిన పాలాయన గుంపునీ, నా ఏడుపునీ, మెట్టెల్నీ చూసి సైకిలు దిగాడు. చెప్పులు విడిచి, "ఎప్పుడు పోయారమ్మా?" అన్నాడు.

"నేనింకా పోలేదు" అన్నారు మా వారు, కింద నుంచి.

అంత మంటలోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఏడుస్తుంటే పాలాయన ఇంకా భయపడ్డాడు.

ఇంతలో కుళాయి ఆగిపోయింది. ఇరవై నిమిషాలు ఇంకా కాలేదని మా వారు దాన్ని తిప్పి తిప్పి చూశారు. ఓనరమ్మ ఇంట్లోంచి నిన్నటి నీళ్ళ బిందె తెచ్చి నా పాదం మీద సన్నటి ధారగా పోయడం మొదలుపెట్టింది. "సూత్తన్నారేటర్రా, మీరూ పట్రండి!" ఇళ్ళలో దాచుకున్న నీళ్ళ బిందెలన్నీ వచ్చాయి. ఈసారి పోయడానికి వంతుల గొడవ. "నా తర్వాతే నువ్వు" అని ఇద్దరు కొట్టుకునేదాకా వెళ్ళారు. నీళ్ళన్నీ కాలవలో కలిశాయి. ఆ పూట సందులో చాలా ఇళ్ళలో వంట ఆలస్యమైంది.

ఆటోలో ద్వారకా నగర్‌లోని డాక్టరు దగ్గరికి వెళ్ళాం. "ఏం రాశారు?" అన్నారాయన, పాదం చూడకుండానే విసుగ్గా. ఏమీ రాయలేదంటే నమ్మక వంగి చూశారు. పైచర్మమే కాలిందనీ, వెంటనే నీళ్ళు పడకపోతే లోపలికి దిగేదనీ చెప్పారు. "యాసిడ్ మండుతుంది కాబట్టి పరుగెత్తారు. తడి సున్నం, తడి సిమెంటు అయితే ముందు నొప్పి తెలియదు, నెమ్మదిగా లోపలికి తినేస్తాయి. అప్పుడూ ఇదే వైద్యం" అంటూ కట్టు కట్టారు.

కొన్నాళ్ళకి పొర ఊడి గులాబీ రంగు చర్మం వచ్చింది. వేళ్ళ దగ్గర చిన్న మచ్చ ఉండిపోయింది. ఆ తర్వాత మేం యాసిడ్ కొనలేదు. బట్టల సబ్బుతో ఎంత రుద్దినా బాత్రూం గచ్చు పసుపుపచ్చగానే ఉండేది. అద్దె కోసం వచ్చినప్పుడు ఓనరమ్మ గచ్చు వంక కాదు, నా పాదం వంకే చూసేది.